మాండలిన్ రాని గురువు

మన వైపు పాట పాడేవాళ్లకు చాలా తేలిగ్గా దొరికే బిరుదు ఒకటుంది: జూనియర్. జూనియర్ ఘంటసాల, జూనియర్ బాలు, జూనియర్ జానకి. చవితి పందిళ్లలో, పెళ్లి రిసెప్షన్లలో, ఏడేళ్లకోసారి ఏలూరులో జరిగే గంగానమ్మ జాతర వేదికల మీద ఆర్కెస్ట్రా బ్యానర్లు చదువుకుంటూ పోతే ఊరంతా జూనియర్లే. ఎగతాళికి అనడం లేదు. ఘంటసాల ఎక్కడ ఊపిరి తీసుకున్నారో, బాలు ఏ అక్షరం మీద చిన్న నవ్వు కలిపారో పట్టుకుని అచ్చంగా దించగలిగే చెవి మామూలు చెవి కాదు. పైగా అది కూడు పెట్టే విద్య. పిలిచేవాళ్లు ఆ గొంతు కోసమే పిలుస్తారు, ఆ గొంతుకే డబ్బిస్తారు.

చిక్కు తర్వాత వస్తుంది. ఏళ్ల తరబడి అలా పాడాక, జనం చప్పట్లు కొడుతున్నది తనకా, తను గుర్తుచేస్తున్న మనిషికా అన్న అనుమానం పుడుతుంది. కీబోర్డు వాయించేవాడికీ ఇదే బాధ. తాడేపల్లిగూడెం నిట్ హాస్టల్లో గిటార్ పట్టుకున్న కుర్రాడికైతే అన్నేళ్లు ఆగక్కర్లేదు. యూట్యూబ్‌లో చూసిన ప్రతి ముక్కా వాయిస్తాడు, నీదంటూ ఒక్కటి వాయించరా అంటే చేతులు కట్టేసినట్టు కూర్చుంటాడు. ఈ అధ్యాయం వీళ్ల కోసం.

సొంత బాణీ కావాలని అడిగితే పెద్దలు సాధారణంగా రెండు సలహాలు ఇస్తారు. ఒకటి, ఇంకొకరిని అనుకరించడం మానెయ్. రెండు, నీ మనసుకు తోచింది వాయించు. రెండూ వినడానికి బాగుంటాయి, చెయ్యబోతే పనికిరావు. అనుకరించకుండా సంగీతం నేర్చుకున్నవాడు ఎవడూ లేడు. గురుముఖంగా నేర్చుకోవడం అంటేనే గురువు అన్నది తిరిగి అనడం. ఇక మనసుకు తోచేది అంటారా, ఖాళీగా కూర్చుని వాయిస్తే వేళ్లకు అలవాటైనదే తోస్తుంది. అదీ విన్నదే, కాకపోతే ఎక్కడ విన్నామో మరిచిపోయి ఉంటాం.

నేను చెప్పేది వేరు. అనుకరణ మానకండి. ఎవరిని అనుకరిస్తున్నారో అది మార్చండి. మీ వాద్యం వాయించేవాళ్లను కొన్నాళ్లు పక్కనపెట్టి, దాన్ని ముట్టుకోనివాళ్లను పట్టుకోండి. గిటార్ చేతిలో ఉంటే సన్నాయి వినండి. కీబోర్డు ముందుంటే పద్యం వినండి. పాడేవాళ్లయితే వీణ వినండి. విన్నది విన్నట్టు మీ వాద్యం మీద, మీ గొంతులో దించడానికి ప్రయత్నించండి. అది అచ్చంగా దిగదు. దిగని చోట మీరు ఏం చేస్తారో అక్కడే మీ బాణీ మొదలవుతుంది.

ఇది నా సిద్ధాంతం కాదు, పాలకొల్లులో జరిగిన కథ.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న అక్కడ పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారు శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవారు, ఇంట్లో మాండలిన్ ఉండేది. ఆరేళ్ల పిల్లవాడు దాన్ని చేతిలోకి తీసుకున్న తీరు చూసి తండ్రి కొత్త మాండలిన్ కొనిచ్చి తనే పాఠం మొదలుపెట్టారు. వాసూరావు అనే గిటారిస్టు పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. ఆ తర్వాత పిల్లవాడు తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గరకు చేరాడు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ దగ్గర నేర్చుకున్న విద్వాంసులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు.

ఈ ఒక్క సంగతి మీద కాసేపు ఆగుదాం. ఇవాళ మనం పిల్లల్ని కీబోర్డు క్లాసులో చేర్చేటప్పుడు మొదట అడిగేది, సారుకు కీబోర్డు బాగా వచ్చా అని. రాదంటే వెనక్కి తిరిగి వచ్చేస్తాం. సుబ్బరాజు గారు పాడేవారు, పిల్లవాడు ఆ పాడింది మాండలిన్ మీద పలికించేవాడు. పాఠం అంతే. ఏ వేలు ఏ మెట్టు మీద పెట్టాలో గురువు చెప్పలేరు. ఎవరినైనా చూసి నేర్చుకుందామంటే ఆ వాద్యం మీద కర్ణాటక సంగీతాన్ని అంత గట్టిగా సాధించినవాళ్లు అప్పటికి లేరు. రికార్డు పెట్టుకుని దించుకుందామన్నా అలాంటి రికార్డు లేదు. గొంతులో పలికింది తీగ మీద ఎలా పలకాలో పిల్లవాడి వేళ్లే కనిపెట్టుకోవాలి.

ఆ కనిపెట్టడం ఎంత కష్టమో మాండలిన్ పట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది. యూరప్ నుంచి వచ్చిన వాద్యం అది. నాలుగు జతల తీగలు, దగ్గర దగ్గరగా మెట్లు. మీటగానే టంగుమని మోగి చటుక్కున ఆరిపోతుంది. అందుకే పాత సినిమా పాటల్లో మాండలిన్ వినిపించినప్పుడల్లా ఒకే స్వరాన్ని పిక్‌తో గబగబా కొడుతూ నిలబెట్టడం వింటాం. మన సంగీతానికి కావలసింది సరిగ్గా ఆ వాద్యానికి లేనిది. స్వరం నిలవాలి, ఊగాలి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారాలి. తోడిలో గాంధారాన్ని కదలకుండా నిలబెడితే అది తోడి అనిపించుకోదు. వీణ మీద తీగను మెట్టు మీదే పక్కకు లాగి ఈ పని సాధిస్తారు. జంట తీగల్ని అలా లాగబోతే రెండూ చెరో శ్రుతికి పోతాయి.

శ్రీనివాస్ చివరికి వాద్యాన్నే మార్చేశారు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టారు, నాలుగింటిని ఐదు చేశారు, మామూలు మాండలిన్ వదిలి ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. ఒంటి తీగ లాగితే లొంగుతుంది. ఆంప్లిఫయర్ ఉంటే మెల్లగా మీటినా స్వరం నిలుస్తుంది. ఐదో తీగతో పలికే పరిధి పెరిగింది. ఇందులో ఏ మార్పూ ‘నేను అందరికంటే వేరుగా వినిపించాలి’ అన్న తపన నుంచి పుట్టింది కాదని నా నమ్మకం. పాడినట్టు వినిపించాలి, అంతే కావలసింది. ఆ పని చేస్తూ పోగా ప్రపంచంలో ఎక్కడా లేని ధ్వని తయారైంది.

కొల్లేటికి ఆ పక్కనున్న గుడివాడలో 1978లో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆయన తొలి కచేరీ. 1981 డిసెంబరులో మద్రాసు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. కర్ణాటక కచేరీకి ఈ కరెంటు వాద్యమేమిటని మొదట్లో నసిగినవాళ్లు లేకపోలేదు. ఆ నసుగుడు ఎక్కువ కాలం సాగలేదు, ఎందుకంటే కళ్లు మూసుకుని వింటే వినబడేది గాత్రం. తర్వాత 1995లో మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ ఆల్బం, జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందం, 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయన దగ్గర మాండలిన్ నేర్చుకున్నవాళ్లలో దేవిశ్రీ ప్రసాద్ ఒకరు. దేవిశ్రీ పాటల్లో గురువు గారి మాండలిన్ కోసం వెతికితే ఎక్కడో గానీ దొరకదు. అది గురువుకు తక్కువేం కాదు.

సుబ్బరాజు గారికి మాండలిన్ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడం సరదాగా ఉంటుంది. బహుశా శ్రీనివాస్ ఆయన వేళ్లను చూసి ఆయనలా వాయించేవారు. మంచి శిష్యుడు అనిపించుకునేవారు.

ఇక మీ పని. పాట మొత్తం తీసుకోవద్దు, ఒక్క సంగతి తీసుకోండి. ఒక్క ఊపిరిలో అయిపోయేంత ముక్క. ముందు నోటితో అనండి. గొంతు బాగుండక్కర్లేదు, కానీ స్వరం ఎక్కడ ఊగింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ జారింది అన్నది నోట పలకాలి. నోట పలకనిది వేలికి రాదు. పలికిందని తేలాకే వాద్యం తీయండి. మొదటి రోజు రెండు మూడు చోట్ల ఆగిపోతారు. చాలామంది ఇక్కడే విసిగి, ‘ఇది కీబోర్డు మీద రాదులే’ అని వదిలేస్తారు. వదలకండి, ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎక్కడ ఆగారు, అక్కడ ఏం చేసి గట్టెక్కారు, ఈ రెండే రాయండి. ఒకచోట స్వరం వదిలేసి ఉంటారు. ఒకచోట పక్క స్వరాన్ని తాకించి ఉంటారు. ఇంకోచోట అసలు వేగాన్నే తగ్గించి ఉంటారు. కొన్ని నెలలు పోయాక ఆ పుస్తకం తిరగేస్తే ఒకే రకం ఉపాయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వెతికితే దొరకని బాణీ ఆ పేజీల్లో మీ చేతిరాతతోనే ఉంటుంది.

వాద్యానికి చేతకాని పని ఉపాయంగా మారడానికి మంచి ఉదాహరణ మన నాటక రంగం మీదే ఉంది. హార్మోనియంకు గమకం లేదు. మెట్టు నొక్కితే ఒక స్వరం, వదిలితే లేదు, మధ్యలో ఏమీ పలకదు. ఈ లోపాన్ని చూపే ఆకాశవాణి 1940లో ఆ పెట్టెను నిషేధించింది, నిషేధం సడలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. రేడియో వద్దన్న ఆ పెట్టే మన పద్య నాటకానికి ప్రాణం అయింది. ఏలూరు వైఎంహెచ్ఏ హాల్లో పద్య నాటకాలు చూసినవాళ్లు గుర్తుచేసుకోండి. నటుడు రాగం తీస్తుంటే హార్మోనిస్టు ఊరికే వెంట వెళ్లడు. ఊగవలసిన చోట రెండు పక్క స్వరాలను మెరుపులా తాకి వస్తాడు, జారవలసిన చోట మధ్య మెట్లన్నీ గలగలా దొర్లిస్తాడు. అది గమకం కాదు, గమకానికి బదులు పుట్టింది. అదే చివరికి నాటక హార్మోనియం ధ్వని అయింది. ఆ గలగల తీసేస్తే మనకు నాటకం చూసినట్టే ఉండదు.

అదే రంగస్థలం మీద ఈలపాట రఘురామయ్య గారు ఇంకో అడుగు ముందుకు వేశారు. నోట్లో వేలు పెట్టుకుని ఈల మీద రాగం నడిపేవారు. గొంతు పాడేదాన్ని ఈలకు నేర్పడం కూడా మనం చెప్పుకుంటున్న పనే. దక్షిణ కన్నడ నుంచి వచ్చిన కద్రి గోపాల్‌నాథ్ శాక్సాఫోన్‌ను కర్ణాటక కచేరీకి తెచ్చారు, ఆయన తండ్రి నాదస్వర విద్వాంసుడు. ఇంటి నిండా నాదస్వరం వింటూ పెరిగినవాడు శాక్సాఫోన్ ఊదితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది ఆయన వాయిద్యం.

పాడేవాళ్లకు ఈ చిట్కా ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. గొంతు అందరికీ ఒకటే వాద్యం కదా. కాదు. ఎవరి గొంతు వారిదే, దాని పెట్టుబడి దానిదే. ఈ మాటకు సాక్షి ఎవరో కాదు, మన జూనియర్లందరికీ సీనియర్ అయిన ఘంటసాల. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టి, విజయనగరం వెళ్లి పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. ఆ కాలానికి పద్యం అంటే నాటక పద్యం. మైకు సరిగా లేని రోజుల్లో చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా వినబడాలి కాబట్టి గొంతు పైకి తీసేవారు. వన్స్‌మోర్ కొట్టించాలి కాబట్టి రాగం సాగదీసేవారు. అది తప్పేం కాదు, ఆ హాలు అడిగిన పద్ధతి అది. సినిమాకు వచ్చేసరికి మైకు నోటి ముందుకు వచ్చింది. ఘంటసాల గొంతు నిండుగా, కింద స్థాయిలో బరువుగా మోగే గొంతు. ఆయన రాగాన్ని కుదించి, మాటను ముందుకు తెచ్చి, అర్థం విరిగే చోట విరిచి, పక్కన కూర్చుని చెబుతున్నట్టు పద్యం చదివారు. కరుణశ్రీ గారి ‘పుష్పవిలాపం’ పద్యాలు జనం నోళ్లలో నానడానికి ఆ పద్ధతే కారణమని నేననుకుంటాను. శాస్త్రీయ సంగీతం నేర్చిన గొంతు, నాటకం నుంచి వచ్చిన పద్యం, సినిమా తెచ్చిన మైకు. ఈ మూడూ ఒకచోట పడ్డాక ఆయన పాత పద్ధతిని పట్టుకుని కూర్చోలేదు.

జూనియర్ ఘంటసాలలు ఆయన ధ్వనిని పట్టుకున్నారు. ఆయన చేసిన పని మాత్రం ఎవరూ పట్టుకోలేదు. ఇవాళ మీ ముందున్న మైకు ఆయన మైకు కాదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒంటరిగా వినే మనిషికి ఎంత మెల్లగా పాడితే చేరుతుందో మీరు ఎప్పుడైనా పాడి చూశారా? ఒకసారి ఫోన్ దగ్గర పెట్టుకుని, మీకు బాగా వచ్చిన పాటనే దాదాపు మాట్లాడినట్టు పాడి రికార్డు చేయండి. అలవాటైన జూనియర్ గొంతు ఆ స్థాయిలో నిలబడదు, అది వేదిక మీద గట్టిగా పాడితేనే నిలిచే వేషం. కింద మిగిలేది మీదే. అది మొదట మీకే నచ్చకపోవచ్చు.

పక్కవాద్యం వాయించేవాళ్లు తమకు సొంత బాణీ అక్కర్లేదనుకుంటారు. నేనైతే వాళ్లదే అదృష్టం అంటాను. ఏలూరు పక్కనే ఉన్న సోమవరప్పాడులో 1926లో పుట్టిన అన్నవరపు రామస్వామి గారు వయొలిన్ విద్వాంసులు, విజయవాడ ఆకాశవాణిలో దశాబ్దాల పాటు పనిచేశారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. పక్కవాద్యం వాయించే వయొలినిస్టు పని ఏమిటి? గాయకుడు ఒక సంగతి వేస్తాడు, ఆ క్షణంలోనే దాన్ని తీగల మీదకు దించాలి. రేపు ఇంకో గాయకుడు, ఇంకో గొంతు, ఇంకో నడక. నేను పైన నోటుపుస్తకం పెట్టుకుని చేయమన్న పనిని ఆయన లాంటివారు జీవితమంతా, జనం ముందు, తప్పుకు తావులేకుండా చేస్తారు. ఆ సాధన ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్లిందో చూడండి: వందన, శ్రీదుర్గ అనే రాగాలు, త్రినేత్రాది, వేదాది అనే తాళాలు ఆయన సృష్టి. జీవితమంతా ఇతరుల వెంట నడిచిన మనిషి కొత్త తాళం కట్టడం నాకు ఆశ్చర్యం కలిగించదు. అన్ని నడకలు చూసినవాడికే, లేని నడక ఏదో తెలుస్తుంది. కాబట్టి ఆర్కెస్ట్రాలో వెనక వరసలో కీబోర్డు వాయిస్తున్నానని చిన్నబోకండి. ఒక్క రాత్రిలో అయిదారుగురు గాయకుల వెంట నడుస్తున్నారు. ఇంటికి రాగానే ఎవరి వెంట నడవడం కష్టమైందో రాసిపెట్టుకోండి, తేలికైన వాళ్ల సంగతి అక్కర్లేదు.

రామస్వామి గారి గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. త్యాగరాజ స్వామి శిష్య పరంపరలో, మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గార్ల తర్వాత వచ్చినవారు. ఆయన దగ్గరే మంగళంపల్లి బాలమురళీకృష్ణ కూడా నేర్చుకున్నారు. ఒకే గురువు, ఒకే పాఠం, ఒకరు వయొలిన్, ఒకరు గాత్రం. ఇద్దరూ కొత్త రాగాలు కట్టారు, ఇద్దరి సంగీతమూ ఒకలా ఉండదు. బాలమురళి నాలుగే స్వరాలతో రాగాలు చేశారు. మహతిలో స గ ప ని, లవంగిలో స రి మ ద. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నవాళ్లతో పెద్ద వాదమే నడిచింది. ఆ వాదంలో ఎవరు గెలిచారన్నది మనకు అనవసరం. మనం గమనించవలసింది వరస. నాలుగు స్వరాలకు రాకముందు ఆయన 72 మేళకర్తల్లోనూ కృతులు రాశారు, ఆ పుస్తకం ‘జనక రాగ కృతి మంజరి’ 1952లోనే అచ్చయింది. అంతా తిరిగి చూశాక తగ్గించుకున్నారు. ఏమీ తిరగకుండా తగ్గించుకుంటే అది లేమి అవుతుంది.

అయినా సాధనకు ఈ నాలుగు స్వరాల పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది. మీకు బాగా అలవాటైన ఒక స్వరాన్ని, వేళ్లు వాటంతటవే పోయే ఆ స్వరాన్ని, నెల రోజులు ముట్టుకోకుండా వాయించండి. సినిమా పాటల కీబోర్డిస్టులకైతే కుడిచేతితో కార్డులు పట్టడం ఆపెయ్యమంటాను. గిటారిస్టుకు ఒక్క తీగ. మొదటి వారం నరకంగా ఉంటుంది. రెండో వారంలో ఉన్న స్వరాల మీద శ్రద్ధ పెరిగి, ఎంత గట్టిగా మీటాలి, ఎంతసేపు ఉంచాలి అన్నవి వినిపించడం మొదలవుతాయి. స్వరాలు ఎక్కువున్నప్పుడు వీటిని ఎవరూ వినరు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. సొంత బాణీ కావాలనుకున్న వెంటనే మనవాళ్లు చేసే పని ఒకటుంది, పాటకు మట్టివాసన పూయడం. కంప్యూటర్‌లో డప్పు శాంపిల్ ఒకటి దించుకుని, రీమిక్స్ కింద పరిచి, వీడియోలో కొల్లేటి మీద ఒక తాటిదోనె, అటపాక దగ్గర నాలుగు పెలికాన్ పక్షులు చూపించి, ఇదే మా ప్రాంతపు సంగీతం అంటారు. కూర ఉడికాక పైన చల్లిన కొత్తిమీర అది. తీసేసినా కూర రుచి మారదు. కొవ్వూరులో పుట్టిన కీరవాణి ‘నాటు నాటు’కు 2023లో ఆస్కార్ తెచ్చుకున్నారు. ఆ పాటలో ఆరు మాత్రల నడక పైపూత కాదు, పాట ఎముకే అది. మాటలు దాని మీదే కుదిరాయి, కాళ్లూ దాని మీదే కుదిరాయి. అది తీసేస్తే పాట మిగలదు. ఆయన తమిళంలో మరగతమణి, హిందీలో క్రీమ్ పేర్లతో పాటలు చేశారు. పేరు ఏది రాసినా వినగానే ఎవరిదో పోల్చుకునేవాళ్లున్నారు.

డప్పు నిజంగా కావాలంటే ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట వెళ్లండి, పెద్దింట్లమ్మ తల్లి జాతరకు. లేదా మీ ఊళ్లో గరగలు ఎత్తే రోజు డప్పు వాయించే ఆయన పక్కన నిలబడండి. ఫోన్ తీయకండి. ఆయన కుడిచేతి పుల్ల ఎక్కడ పడుతోంది, ఎడమచేతి పుల్ల ఎక్కడ నింపుతోంది, గరగ ఎత్తినవాడి అడుగు తడబడితే వేగం ఎలా సర్దుతున్నాడు, ఇవి చూడండి. అడిగితే చెబుతారు. ‘ఏమండీ, ఈ దరువు మొదలు ఎక్కడ?’ అంటే నవ్వి మళ్లీ వాయించి చూపిస్తారు. ఇంటికొచ్చి దాన్ని డ్రమ్ము మీద వాయించకండి, గిటార్ మీద కుడిచేత్తో పట్టండి, లేదా పాటలో మాటల విరుపుగా మార్చండి. మళ్లీ అదే సూత్రం. డప్పును డప్పు మీద దించితే నకలు అవుతుంది, ఇంకోదాని మీద దించితే మీరు కొంత కలపక తప్పదు.

సాధన ఫలిస్తోందో లేదో తెలుసుకోవడానికి సంగీతం తెలిసినవాళ్లను అడగకండి. వాళ్లు శ్రుతి, తాళం తప్పులు చెబుతారు. అవీ అవసరమే, ఈ పనికి మాత్రం కాదు. రికార్డు చేసి కొన్ని రోజులు పక్కన పడేసి, తర్వాత ఇంట్లోవాళ్లకో, బడ్డీ కొట్టు దగ్గర స్నేహితులకో, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తాగా చేసే మీ బావకో వినిపించి, ఇది ఎవరిలా ఉందని అడగండి. అందరూ ఒకే పేరు చెబితే ఇంకా బ్యానర్ మారలేదన్నమాట. తలోపేరు చెబితే పని సాగుతోంది. ఎవరిలా ఉందో తెలియట్లేదు గానీ ఎక్కడో విన్నట్టుంది అంటే, ఆ పూటకి ఇంకేం అడక్కండి.

డబ్బు సంగతి వదిలేస్తే ఈ అధ్యాయం అబద్ధమవుతుంది. సొంత బాణీ దొరికిందని రేపటి నుంచి జూనియర్ గొంతు మానేస్తే పొయ్యి మీదకు ఏమీ రాదు. మానక్కర్లేదు. కార్యక్రమానికి ఒక్క పాట మీది పెట్టుకోండి. మొదట పెట్టకండి, అప్పటికి కుర్చీలు నిండవు. చివర పెట్టకండి, జనం భోజనాలకు లేస్తారు. మూడో పాటగానో నాలుగో పాటగానో, అందరికీ తెలిసిన రెండు హిట్ పాటల మధ్య పెట్టండి. మైకులో ఇది నా సొంత పాట అని ఉపన్యాసం ఇవ్వకండి, ఊరికే పాడెయ్యండి. తబలా ఆయనకు, కీబోర్డు ఆయనకు రెండు రోజుల ముందే రికార్డు పంపి ఒకసారి కూర్చుని వాయించుకోండి. ఆర్కెస్ట్రా యజమానికి మాత్రం ముందే చెప్పండి. వేదిక మీద ఆశ్చర్యపడటం ఏ యజమానికీ ఇష్టం ఉండదు.